కాకి తుపాకీకి కాటుక

రాజమండ్రిలో గోదావరి గట్టు దిగువన ఒక కొట్టు ఉండేది. ముందు భాగంలో లాంతర్లు, గోడ గడియారాలు, గాజు చిమ్నీలు. వెనక గదిలో తుపాకులు. ఆ వెనక గదిలో చాలా ఏళ్ళపాటు నా పని ఒక్కటే. వచ్చినవాళ్ళకి సరిపడే తుపాకీ ఎంచడం, దాన్ని నా చేత్తో పేల్చి గురి సరిచూసి ఇవ్వడం.

ఇది ఆడదానికి ఎలా వచ్చిన పని అని అందరూ అడుగుతారు. మా ఆయన సోమాచారిగారు ఆ కొట్టులో తుపాకులు బాగుచేసేవారు. కళ్ళకి పొర కమ్మాక దగ్గరి పని తడుముకుని చేసేవారు గానీ, దూరాన ఉన్న కుండ ఆయనకి కనపడేది కాదు. బాగుచేసిన తుపాకీని పేల్చి చూడకుండా ఇవ్వకూడదు. మొదట్లో నేను పక్కన నిలబడి తూటా ఎక్కడ తగిలిందో చెప్పేదాన్ని. తరవాత నేనే పేల్చడం మొదలుపెట్టాను. మొదటిరోజు పేల్చాక నాకు నవ్వు ఆగలేదు. ఇక్కడ నేను వేలు కదిపితే, అంత దూరాన ఉన్న మట్టి ముద్దకి చిల్లు పడింది. అంత సరదా అయిన సంగతి అప్పటిదాకా నా బతుకులో జరగలేదు. పెళ్ళితో కలిపే చెబుతున్నాను.

ఇప్పుడు ఇలాంటి కొట్లు కాకినాడలోనూ ఏలూరులోనూ వెలిశాయి. వాటిలో కొత్తగా కుదిరినవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "పిన్నిగారూ, సరదాగా గురి కొట్టుకునేవాళ్ళకి చవగ్గా మంచి తుపాకీ ఎలా ఎంచాలండి?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక రాస్తున్నాను. యాభై దాటాక, పక్కింట్లో ఉండే మిషన్ బడి పంతులమ్మ శాంతమ్మగారు నాకు అక్షరాలు నేర్పారు. అందుకని పొట్టి వాక్యాలే రాస్తాను. పెద్ద వాక్యంలోకి దిగితే బయటికి దారి తెలీదు. లైసెన్సుల సంగతీ జీతాల సంగతీ రాయను. అవి ఎవరైనా చెబుతారు.

పొడవు కొలిచే శెట్టిగారు

మా యజమాని సుబ్బయ్యశెట్టిగారు మంచి మనిషి. తుపాకుల గురించి ఆయనకి ఏమీ తెలీదు. రెండూ నిజమే. నేను తూటా చేతిలోకి తీసుకోగానే ఆయన రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకునేవారు. ఇంకా తుపాకీలో పెట్టలేదండీ అని చెప్పినా వినపడేది కాదు, వేళ్ళున్నాయి కదా.

ఆయన తుపాకీని చెరుకుగడలా అమ్మేవారు. ఎంత పొడవుంటే అంత మంచిది. పొడవు తరవాత నగిషీ.

"చూడండి బాబూ ఈ వెండి పులిని. మీసాలు కూడా చెక్కాడు."

"పులి తుపాకీ మీదుంటే ఎలాగండీ? ఎదురుగా ఉండాలి గానీ," అన్నాడొక రైతు.

ఆ వెండి పులి తుపాకీని చివరికి ఒక వకీలుగారు కొన్నారు. మంచి ఎండలో గోదావరి మధ్య లంకకి తీసుకెళ్ళి కాల్చారు. ఎండ వెండి మీద పడి తిన్నగా ఆయన కళ్ళలోనే కొట్టింది. కుండకి తప్ప లంకలో అన్నిటికీ తగిలింది. నేను చాలా బాధపడ్డాను. తిరిగిచ్చేస్తారేమో అనుకున్నాను. ఆయన దాన్ని ఇంటి ముందు గదిలో గోడకి తగిలించారు. వచ్చిన కక్షిదారులందరూ ఈయన పెద్ద వేటగాడని అనుకోవడం మొదలుపెట్టారు. కొట్టుకొచ్చి శెట్టిగారికి పళ్ళబుట్ట ఇచ్చి మరీ వెళ్ళారు.

అందుకని కొనడానికి వచ్చినవాణ్ణి మొదట ఒకటే అడగండి. తుపాకీ గోడకా, భుజానికా? గోడకైతే శెట్టిగారి పద్ధతే సరైనది. భుజానికైతే నేను చెప్పేది వినండి.

గొట్టం లోపల మెలి తిరిగిన గాడి చెక్కి ఉంటుంది. తూటా గింగిరాలు తిరుగుతూ తిన్నగా పోయేది దానివల్లే. గొట్టాన్ని ఆకాశం కేసి ఎత్తి లోపలికి చూడండి. ఆ గాడి అంచులు మసకబారకుండా, నది మీద సుడిలా స్పష్టంగా కనపడాలి. లోపల బాగుండి బయట తుప్పుంటే కొనండి, బేరమాడండి. బయట మెరుస్తూ లోపల తుప్పుంటే, మెరిపించినవాడి తెలివిని మెచ్చుకుని వచ్చేయండి.

తరవాత వేలితో నొక్కే మీట. ఎండిన చింతపండు పెంకు వేళ్ళ మధ్య ఎలా విరుగుతుందో అలా, పుటుక్కున, ఒక్కసారిగా జారాలి. బెల్లప్పాకంలా సాగే మీటతో ఎవరూ గురి కొట్టలేరు.

ఆ తరవాత ఊక బస్తా మీద ఆనించి, కుమ్మరి దగ్గర తెచ్చిన తడి మట్టి పలక మీదికి మూడు తూటాలు పేల్చండి. మూడు చిల్లులూ ఒక తమలపాకు కింద దాక్కుంటే ఆ తుపాకీ మంచిది. అరిటాకు కావాల్సి వస్తే వదిలేయండి. చిల్లులు మూడూ ఒకచోటే పడి, ఆ చోటు పక్కకి ఉందా, బెంగలేదు. గురిముల్లు కాస్త జరిపితే సరిపోతుంది. గొట్టం కొస మీద నిలబడి ఉండే చిన్న ముక్కుని గురిముల్లు అంటాం. వెనకవైపు దానికి జతగా ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలోంచి ముల్లునీ, ముల్లు మీద కుండనీ చూడాలి. అంతే విద్య.

దసరా తరవాత

ప్రతి ఏడూ దసరా వెళ్ళగానే మాకు పని పెరిగేది. అందరి తుపాకులూ ఒకేసారి పాడయ్యేవి. ఎందుకో మొదటి ఏడు మాకు అంతుబట్టలేదు.

కోరుకొండ నుంచి ఒక పెద్దరైతు వచ్చారు. "దిష్టి తగిలిందమ్మా దీనికి. పండక్కి ముందు కొబ్బరికాయ కొట్టేది. ఇప్పుడు కొబ్బరిచెట్టుని కూడా కొట్టట్లేదు."

చూశాను. వెనక గాడి నిండా పసుపు. గురిముల్లు మీద కుంకుమ ముద్ద, గట్టిపడి రేగుపండంత అయింది.

"ఆయుధపూజ ఎవరు చేశారండీ?"

"మా ఆవిడండి. చాలా భక్తి. గొట్టంలో కూడా గంధం పోస్తానంది. నేనే వద్దన్నాను."

"బతికారు," అన్నారు మా ఆయన లోపల్నుంచి.

నవ్వులాట కాదు, అది నిజం. గొట్టంలో ఏదైనా గట్టిగా అడ్డుపడితే తుపాకీ మనవైపే పేలుతుంది. వేపపుల్లతో పసుపంతా తీసి ఇచ్చాం. పూజ మానమని చెబితే ఎవరూ వినరు, చెప్పడం మర్యాద కూడా కాదు. అందుకని అప్పట్నుంచి అమ్మే ప్రతి తుపాకీకీ భుజానికి ఆనే చెక్క మడమ మీద నేనే నిండుగా బొట్టు పెట్టి, "అమ్మవారి చోటు ఇదండి, ఇంకెక్కడా పెడితే ఒప్పుకోదు," అని చెప్పి ఇచ్చేదాన్ని. ఆ తరవాతి దసరాకి ఒక్కటీ పాడవలేదు. శెట్టిగారికి మాత్రం రాబడి తగ్గింది.

మండపేట నుంచి వచ్చిన మీసం

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులు. వంతెన దొరలు ఆదివారాలు లంకలో కుండలు పెట్టి కాల్చుకునేవారు. వాళ్ళని చూసి మన రైతులకీ ఆ సరదా పట్టుకుంది. వేసవిలో నీళ్ళు తగ్గి ఇసక మేటలు తేలగానే, ఎత్తైన ఇసక దిబ్బ ముందు సున్నం కొట్టిన కుండలు వరసగా పెట్టి పందాలు వేసుకునేవారు.

అలాంటి ఒక వేసవి మొదట్లో మండపేట నుంచి ఇద్దరు వచ్చారు. ముందు వీర్రాజుగారు, నలభై ఏళ్ళ రైతు. మా గుమ్మంలోకి ఆయనకన్నా ముందు ఆయన మీసం వచ్చింది. వెనక ఆయన తండ్రి గంగరాజుగారు. డెబ్భై దాటిన మనిషి. తెల్లటి గుబురు మీసం, చేతికర్ర, బాగా చెవుడు. చెవి దగ్గర అరిస్తే తప్ప వినపడదు.

"మా బావతో పందెం పడ్డానండి," అన్నారు వీర్రాజుగారు. బావ అంటే ఆయన భార్యకి అన్నగారు, కడియం సత్తిరాజుగారు. మద్రాసు నుంచి జంట గొట్టాల రైఫిలు తెప్పించుకుని, భోజనాల దగ్గర అందరి ముందూ ఈయన్ని ఏడిపించారట. "చెరి మూడు కుండలండి. ఓడినవాడు ఆ ఇసకలోనే మీసం తీయించుకోవాలి. గోదారి నీళ్ళు చేతిలో పోసుకుని మాటిచ్చుకున్నాం."

"మీసం తీయించుకుంటాడంటమ్మా," అన్నారు గంగరాజుగారు. "నేను బతికుండగా."

అప్పుడు అర్థమైంది అసలు చిక్కు. మన వైపు మగాడు మీసం తీసేది కన్నవాళ్ళు పోయినప్పుడు. తండ్రి ఎదురుగా ఉండగా కొడుకు మీసం తీయించుకుని వీధిలో నడిచాడంటే, ఆ తండ్రికి అంతకన్నా అశుభం ఉండదు.

శెట్టిగారు ఆయన చెవి దగ్గరికి వెళ్ళి అరిచారు. "తిరుపతిలో తీయించుకుంటారు కదండీ. దానికేం దోషం లేదు కదా."

"తిరుపతిలో తీస్తే దేవుడికిచ్చినట్టు. ఇసకలో తీస్తే నాకు తద్దినం పెట్టినట్టు."

"బావగారిదీ అదే పందెం కదండీ," అని నేనూ ఆయన చెవిలో అరిచాను.

"వాడికేం? వాళ్ళ నాన్న ఎప్పుడో పోయాడు. ఓడినా వాడికి గెడ్డం గీసుకున్నట్టే. నేనమ్మా, ఈ తుపాకీ మీద ఆధారపడి బతకాల్సినవాణ్ణి."

శెట్టిగారు వెంటనే లోపలికెళ్ళి మా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పొడవైనదాన్ని ఇద్దరు మనుషుల చేత మోయించి తెచ్చారు. ఏనుగుల కోసం చేసిన తుపాకీ అది. దాని ధర వింటే ఏనుగు కూడా పడిపోతుంది. వెనక రేవులో వీర్రాజుగారు దాన్ని భుజానికెత్తి పేల్చారు. గట్టు మీద పావురాలన్నీ లేచిపోయాయి. ఆయన బురదలో కూర్చున్నారు.

"తగిలిందాండి?" అన్నారు శెట్టిగారు, చెవుల్లోంచి వేళ్ళు తీసి.

"తగిలింది. నా భుజానికి."

ఇంకోసారి పేల్చమన్నాను. ఈసారి ఆయనకి చెప్పకుండా, పేలిపోయిన ఉత్త తూటా పెట్టి ఇచ్చాను. మీట నొక్కారు. ఏమీ పేలలేదు. కానీ ఆయన రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నారు, గొట్టం జానెడు కిందకి పోయింది, మీసం కూడా వణికింది. అందరం చూశాం. గంగరాజుగారు కర్ర నేలకేసి కొట్టి నవ్వారు.

కొత్తవాళ్ళు బాగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. గురి తప్పేది చాలాసార్లు కంటివల్ల కాదు, బెదురువల్ల. రాబోయే చప్పుడుకీ తోపుకీ ఒళ్ళు ముందే ఉలిక్కిపడుతుంది. తూటా బయల్దేరే లోపే గొట్టం పక్కకి పోతుంది. ఖరీదైన తుపాకీ కొంటే బెదురు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అది ఇంకా గట్టిగా తంతుంది. తూటా కూడా ఖరీదే కాబట్టి ఎక్కువ పేల్చరు, అలవాటు పడరు. చిన్న చప్పుడు, చిన్న తోపు, చవక తూటాలు, వాటితో రోజూ సాధన. బెదురుకి మందు అంతే.

అందుకని మూల పెట్టెలోంచి ఒక చిన్న ఒంటిగొట్టం రైఫిలు తీశాను. నగిషీ లేదు. మడమ మీద గీతలు. లోపల మాత్రం గాడి కొత్త రూపాయిలా ఉంది. ఊక బస్తా మీద పెట్టి మూడు పేల్చి చూపించాను. తమలపాకు అక్కర్లేదు, వక్కపలుకు చాలు.

వీర్రాజుగారికి నచ్చింది. "దీన్నేమంటారండి?" అని అడిగారు.

నేను చెప్పే లోపే శెట్టిగారు చెప్పేశారు. "కాకి తుపాకీ అంటారండి. సీమలో దొరలు కాకుల్ని కొట్టుకునేది."

వీర్రాజుగారు దాన్ని బల్ల మీద పెట్టేశారు. "కాకుల్ని కొట్టేదాంతో నేను మా బావ ఎదురుగా నిలబడాలా? ఓడిపోయినా ఫర్వాలేదు గానీ దీంతో గెలిచానంటే నవ్వుతారండి."

"ఏంటంటున్నారు?" అన్నారు గంగరాజుగారు.

"కాకి తుపాకీ అంటండి," అని అరిచాను.

ఆయన తుపాకీని బల్ల మీంచి తీసి కొడుకు చేతిలో పెట్టారు. "కొనెయ్యరా. కాకి నా పిండం దగ్గరికి రాకుండా ఉండాలంటే మనకి కావాల్సింది అదే."

కొన్నారు. ఏనుగు తుపాకీ ధరతో పోలిస్తే అది చిల్లర. మిగిలిన దాంట్లో కొంత పెట్టి తూటాలు కొనిపించాను. శెట్టిగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తరవాత కొన్ని వారాలు వీర్రాజుగారు రేవుకొచ్చి సాధన చేశారు. నేను గురిముల్లు సర్దిపెట్టాను. బెదురు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. రెండుసార్లు బాగా కొట్టేవారు, మూడోసారి ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడేవారు. గంగరాజుగారు ఎప్పుడూ వెనకే తాటాకు చాప మీద కూర్చునేవారు. తుపాకీ పేలినప్పుడల్లా కొంగలు లేచిపోయేవి, కుక్కలు పరుగెత్తేవి. ఆయన రెప్ప కదిలేది కాదు. అది నేను రోజూ చూశాను. చూసి ఊరుకున్నాను.

ఇసక మీద

పందెం రోజు లంకలో తిరణాలలా ఉంది. కడియం నుంచి రెండు పడవలు, మండపేట నుంచి వచ్చినవాళ్ళతో మూడు పడవలు. తాటిముంజలు అమ్మేవాళ్ళు కూడా వచ్చేశారు. ఒక పక్క కడియం వాళ్ళు, వాళ్ళ ముందు తాటాకు గొడుగు కింద సత్తిరాజుగారి తల్లి సూరమ్మగారు. ఇంకో పక్క మండపేట వాళ్ళు. మధ్యలో పీట వేసుకుని, నీళ్ళ చెంబూ కత్తీ పెట్టుకుని మంగలి అప్పన్న. వీర్రాజుగారి భార్య మంగతాయారమ్మగారు ఎటూ కూర్చోకుండా నిలబడి ఉన్నారు.

"నువ్వెవరి పక్కమ్మా, అన్నయ్య పక్కా మొగుడి పక్కా?" అని ఎవరో ఆటపట్టించారు.

"నేను అప్పన్న పక్కండి. అతనికైతే ఎలాగైనా పనుంటుంది," అందావిడ.

సత్తిరాజుగారు బస్తా మీద తుపాకీ ఆనించారు. నిజం చెప్పాలి, అందమైన తుపాకీ. కుడి గొట్టం పేల్చారు. కుండ ముక్కలైంది. ఎడమ గొట్టం పేల్చారు. కుండకి మూరెడు పక్కన ఇసక లేచింది. మళ్ళీ నింపి కుడి గొట్టం పేల్చారు. కుండ పగిలింది.

జంట గొట్టాల రైఫిలు గురికి కొనేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. రెండు గొట్టాలూ ఒకేచోట కొట్టేలా అతకడం చాలా కష్టమైన పని. బాగా అతికినదానికి ఒక ఇల్లంత ఖర్చవుతుంది. లేకపోతే అవి భాగాలు పంచుకున్న అన్నదమ్ముల్లా చెరో దిక్కూ చూస్తాయి.

"మూడింటికి రెండు," అన్నారు సత్తిరాజుగారు మీసం దువ్వుకుంటూ. "ఏంటి బావా, కాకులు కనపడుతున్నాయా?"

"కనపడుతోంది బావా. ఒక్కటే, బాగా వాగుతోంది," అన్నారు వీర్రాజుగారు.

మొదటి కుండ పగిలింది. మండపేట వాళ్ళు తువ్వాళ్ళు ఎగరేశారు. రెండో కుండకి గురి పెట్టారు. వేలు మీట మీదికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడు అప్పన్న కత్తిని తోలు మీద రుద్దాడు. సర్రుమంది. వీర్రాజుగారు ఉలిక్కిపడ్డారు. తూటా ఇసకలో దిగింది.

ఇంక ఒక్క కుండ. అది పగిలితే సమానం, పగలకపోతే ఓటమి. ఆయన తుపాకీని బస్తా మీద పెట్టేశారు. ఒకసారి కత్తి వైపు, ఒకసారి తండ్రి వైపు చూశారు.

గంగరాజుగారు కర్ర ఊతంగా లేచి వచ్చారు. "ఇటివ్వరా."

"ఏంటి నాన్నా?"

"చచ్చేది నేను కదా. నేనే కొట్టుకుంటాను."

జనం గొల్లున నవ్వారు. ఒకరి బదులు ఒకరు కాల్చడమేంటని కడియం వాళ్ళు గొడవ మొదలుపెట్టారు. సత్తిరాజుగారే వాళ్ళని ఆపారు. ఆయనకి నవ్వు ఆగట్లేదు. "కానివ్వండి మావయ్యగారూ, కానివ్వండి. మీరు కొడితే ఒకటి కాదు, రెండు కుండలు కొట్టినట్టు లెక్క. నేను ఓడినట్టే." ఆ మాట గంగరాజుగారికి వినపడలేదు. మిగిలిన లంకంతటికీ వినపడింది.

ఆయన్ని బస్తా వెనక కూర్చోబెట్టి తూటా పెట్టి ఇచ్చాను. గాడిలోంచి ముల్లు, ముల్లు మీద కుండ, మీట నెమ్మదిగా, అని చెవిలో అరిచాను. ఆయన చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపారు.

"ముల్లు కనపడట్లేదమ్మా. మెరుపు."

నిజమే. నెత్తి మీద ఎండ, చుట్టూ తెల్లటి ఇసక, అరిగి నున్నబడిన ఇనుప ముల్లు. ముసలికళ్ళకి అది వెలుగులో కరిగిపోయింది. మసి పూయడానికి దీపం లేదు. నా కంటి కాటుక వేలితో తీసి ముల్లుకి దట్టంగా పూశాను.

"తుపాకీకి కాటుకేంటే?" అన్నారు సూరమ్మగారు గొడుగు కింద నుంచి.

"పెళ్ళిచూపులు కదండీ," అన్నాను.

గంగరాజుగారు మళ్ళీ చూశారు. ఈసారి తల నిలువుగా ఊపారు. అప్పన్న భయపడి కత్తి ఒళ్ళో దాచేసుకున్నాడు. ఆ జాగ్రత్త గంగరాజుగారికి అక్కర్లేదని నాకప్పుడు తట్టింది. ఏ చప్పుడూ వినపడని మనిషికి బెదురెక్కడిది?

పేలింది. పొగ లేచింది. పొగ వెనక కేకలు, ఈలలు, తువ్వాళ్ళు. శెట్టిగారు చెవుల్లో వేళ్ళు పెట్టుకునే గెంతులేశారు. కాసేపటికి పంచె పట్టుకోవడానికి వేళ్ళు తీయక తప్పలేదు.

గంగరాజుగారు మాత్రం తుపాకీ మీద నుంచి తల ఎత్తలేదు. ఇంకా గురి చూస్తూనే ఉన్నారు. "మబ్బేసిందేంటమ్మా? కుండ కనపడట్లేదు."

"కుండ లేదండీ, అందుకే కనపడట్లేదు," అని అరిచాను.

"నేను కొట్టానా?"

"కొట్టారు."

"ఇంకా పేలలేదనుకున్నానే."

వీర్రాజుగారు తండ్రిని ఎత్తుకుని తిప్పేశారు. మంగతాయారమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు, అన్నగారి వైపు చూసి మళ్ళీ కళ్ళు తుడుచుకుంటున్నారు. సత్తిరాజుగారు మాట మీద నిలబడే మనిషి. తుపాకీ పక్కన పెట్టి, తిన్నగా వచ్చి అప్పన్న ముందు పీట మీద కూర్చున్నారు. అప్పన్న నీళ్ళు చల్లి మీసం తడిపాడు.

"ఒరేయ్ సత్తీ," అన్నారు సూరమ్మగారు, గొడుగు పక్కన పెట్టి నిలబడి. "నేను పోయానట్రా?"

తండ్రి పోయాడు పోయాడని అందరం ఇన్నాళ్ళూ అనుకుంటూనే ఉన్నాం గానీ, తల్లి ఉందని ఒక్కరికీ తోచలేదు. సత్తిరాజుగారికి కూడా తోచలేదని ఆయన మొహం చూస్తే తెలిసింది. రెండు చేతులూ మీసానికి అడ్డం పెట్టుకున్నారు.

"లే బావా, వదిలేద్దాం," అన్నారు వీర్రాజుగారు.

"ఎలా వదిలేస్తాం బావా? గోదారి నీళ్ళు పట్టుకుని మాటిచ్చాను. మాట తప్పితే అదొక పాపం. మాట నిలబెట్టుకుంటే అమ్మకి అశుభం."

"నీళ్ళు పట్టుకునేటప్పుడు అమ్మ గుర్తు రాలేదట్రా వెధవా," అన్నారు సూరమ్మగారు.

గంగరాజుగారు నా చెయ్యి పట్టుకుని, "ఏంటమ్మా, మళ్ళీ ఏమైంది?" అని అడిగారు. చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పాను. ఆయన సూరమ్మగారిని చూశారు, సత్తిరాజుగారిని చూశారు, పీటని చూశారు. తరవాత కర్రతో సత్తిరాజుగారి భుజం మీద తట్టి పక్కకి జరగమన్నారు. ఆ పీట మీద తను కూర్చున్నారు.

"మా అమ్మా నాన్నా పోయి చాలా కాలమైంది. నా మీసానికి అడ్డు చెప్పేవాళ్ళు పైనెవరూ లేరు. తియ్యవయ్యా అప్పన్నా."

"గెలిచింది నువ్వు కదా నాన్నా," అని వీర్రాజుగారు అరిచారు.

"గెలిచినవాడికి ఆమాత్రం హక్కు లేదంట్రా? ఒక మీసం తీస్తామని చెప్పాం గోదారమ్మకి. ఎవరిదని ఆవిడ అడిగిందా?"

అప్పన్న అందరి మొహాలూ చూశాడు. సూరమ్మగారు తల ఊపారు. తెల్లటి మీసం కాస్త కాస్తగా ఇసక మీద పడింది. అయ్యాక చూస్తే ఆయన కొడుకు కన్నా చిన్నవాడిలా ఉన్నారు. కొత్త పెదవిని వేలితో తడిమి చూసుకుని తనే కిసుక్కున నవ్వారు. సూరమ్మగారు మొహం పక్కకి తిప్పుకుని, గొడుగు కింద నుంచి ముంతతో మజ్జిగ పంపించారు. ఆయన ఆగకుండా తాగారు.

"పెళ్ళయినప్పట్నుంచీ నాకన్నా ముందు మీసమే తాగేది," అన్నారు. "ఇంత పుల్లగా ఉంటుందని ఇవాళే తెలిసింది."

జనం నవ్వుతుంటే ఆయనకి వినపడలేదు. ఖాళీ ముంత తిప్పి చూశారు. దిబ్బ వైపు చూశారు. ఇసకలో తుపాకీ కోసం చెయ్యి చాచారు.

"ఇంకా కుండలున్నాయామ్మా?"

"ఉన్నాయండీ," అని అరిచాను.

"అయితే పెట్టించు. ఇందాకటిది నేను చూడనేలేదు."